పొగమంచులో చిన్న గంట

నేను రిటైరయ్యానని చెప్పగానే మా వీధి మొదట్లో టీకొట్టాయన, "ఆడుకోవడంలో కూడా రిటైర్మెంటు ఉంటుందాండీ?" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఇన్నేళ్ళూ నేను పొద్దున్నే టిఫిన్ బాక్సు పట్టుకుని ఏలూరు స్టేషన్లో పాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళేది కంప్యూటర్లో ఆటలు ఆడటానికని ఆయనకి మా ఆవిడ సుగుణ చెప్పిందట. ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు.

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు కొందరు, మీ అనుభవాలు రాసిపెట్టండి సత్యంగారూ, మాకు పనికొస్తాయి అన్నారు. జీతం ఎప్పుడు పెరిగింది, కుర్చీ ఎప్పుడు మారింది లాంటివి వదిలేస్తున్నాను. వాటివల్ల నేనే ఏమీ నేర్చుకోలేదు, మీకేం నేర్పను? నాకు బుద్ధి వచ్చిన సందర్భాలు రాస్తాను. అవి తక్కువ కాబట్టి ఇది పెద్ద పుస్తకం కాదు.

ఇంతకీ ఏం పని

మేము చూసేవి తుపాకులు పేల్చే ఆటలు కావు. అడ్వెంచర్ గేములంటారు. తెర మీద ఒక బొమ్మ ఉంటుంది, అందులో ఒక మనిషి ఉంటాడు. అతన్ని మౌసుతో నడిపించి, కనపడినవాళ్ళతో మాట్లాడించి, ఇక్కడ దొరికిన తాడుకి అక్కడ దొరికిన కొక్కెం కట్టి, తాళం వేసిన తలుపులు తీయించాలి. తొందరపడేవాళ్ళకి నచ్చవు. మా గోదావరి జిల్లాల వాళ్ళ నిదానానికి అతికినట్టు సరిపోతాయి.

ఇలాంటి ఆటలు మొదట్లో ఫ్లాపీల మీద వచ్చేవి. తర్వాత అవే ఆటలు మనుషుల గొంతులతో, చప్పుళ్ళతో సీడీల మీద వచ్చాయి. ఇప్పుడు వాటికే కొత్త బొమ్మలు గీయించి, ఇప్పటి కంప్యూటర్ల మీద నడిచేలా మళ్ళీ విడుదల చేస్తున్నారు. అలా ఒకే ఆటకి మూడు రూపాలు. పాత కంప్యూటర్లో పాతది, కొత్త కంప్యూటర్లో కొత్తది పక్కపక్కన పెట్టి ఆడి, ఏది మిగిలింది, ఏది పోయింది, ఏది చెడింది అని విదేశాల్లో ఉన్న కంపెనీకి రిపోర్టు రాయడం మా పని. వాళ్ళకీ మాకూ మధ్య ప్రసాద్‌గారు. ఆయనది గూడెమే. ఎరువుల కొట్టు పై అంతస్తులో ఆఫీసు నడిపేవారు.

చెడేవి చాలా ఉంటాయి. పాత కంప్యూటర్లో తీరుబడిగా నడిచే మనిషి కొత్తదాంట్లో, వేగానికి కళ్ళెం వెయ్యకపోతే, కదిలిపోతున్న రైలు వెనక పరిగెత్తేవాడిలా పోతాడు. పాత తెరలు నలుచదరానికి దగ్గర, ఇప్పటివి వెడల్పు. సరిచూసుకోకపోతే నిండు చంద్రుడు అణిచిన పూరీలా ఉంటాడు. పాత తెర మీద నీడలా కనిపించిన రంగుచుక్కలు కొత్త తెర మీద ముఖాన అమ్మవారు పోసినట్టు కనిపిస్తాయి. ఇవి కళ్ళున్న ఎవరైనా పట్టుకుంటారు.

కొత్త విడుదల కాబట్టి మెరుగ్గానే ఉంటుందని నమ్మేవాడు ఈ పనికి పనికిరాడు. పాతదే గొప్పదని నమ్మేవాడు అంతకంటే పనికిరాడు. నేను రెండో రకం. అయినా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చానంటే అది ప్రసాద్‌గారి ఓర్పు.

బియ్యం డబ్బా సిద్ధాంతం

మా వైపు ముసురు పట్టిందంటే అప్పడాలకే కాదు, ఫ్లాపీలకీ బూజు పడుతుంది. పాత ఆటల మొదటి విడుదలలు కొన్ని నా దగ్గర ఉండేవి. నేను ఏలూరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునే రోజుల నుంచి దాచుకున్నవి. వాటిని తేమ తగలకుండా ఎక్కడ పెట్టాలా అని ఆలోచించి, మా ఇంట్లో బియ్యం డబ్బాలో, వేపాకు కింద పెట్టాను. బియ్యం తేమ పీలుస్తాయని ఎక్కడో చదివాను. బియ్యానికి తవుడు ఉంటుందన్న సంగతి మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసీ గుర్తు రాలేదు. ఆ తవుడు ఫ్లాపీల్లోంచి ఆఫీసులో ఉన్న ఏకైక పాత డ్రైవులోకి వెళ్ళింది. అది పిండిమర చప్పుడు చేసి ఆగిపోయింది.

"మీ ఆఫీసువాళ్ళు వండుకు తినమన్నారా వాటిని?" అని సుగుణ అడిగింది.

ప్రసాద్‌గారికి ఈ తవుడు సంగతి చెప్పడం మర్యాదగా అనిపించలేదు. అందుకని ఒక సిద్ధాంతం తయారుచేశాను. తయారుచేసినవాళ్ళ ఆఖరి మాట సీడీ విడుదలే, ఫ్లాపీల మీద వచ్చింది చిత్తుప్రతి లాంటిది, కాబట్టి కొత్తదాన్ని సీడీతో పోలిస్తే చాలు అన్నాను. ఆయన తలూపారు. చేతకానితనానికి సిద్ధాంతం తొడిగితే ఆఫీసుల్లో బాగానే చెల్లుతుంది. అప్పటి నుంచి మొదటి విడుదల ముఖం మేమెవ్వరం చూడలేదు.

మునగచెట్టు

నేను రిటైరవడానికి కొంతకాలం ముందు ఒక పెద్ద ఆట వచ్చింది. మేము దాన్ని సరస్సు ఆట అనేవాళ్ళం. మందులమ్ముకునే మనిషి ఒకడు, సరస్సు మధ్య దీవిలో జ్వరాలతో పడి ఉన్నవాళ్ళకి మందు చేర్చాలి. అదీ కథ. ఈ ఆట నాకు కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో నేనూ సుగుణా కలిసి ఆడినది. కాలేజీ వాళ్ళు పక్కన పడేసిన కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చుకుని, చాప మీద కూర్చుని ఆడాం. సుగుణ ఇంగ్లీషు టీచరు. తెర మీద ఇంగ్లీషులో వచ్చే ప్రతి ముక్కా పైకి తెలుగులో చదివేది, నేను మౌసు తిప్పేవాణ్ణి. తర్వాత సీడీ వచ్చాక నేనొక్కణ్ణే మళ్ళీ ఆడాను.

అలాంటి ఆట నా చేతికి రావడంతో కాస్త పొంగిపోయాను. మొదటి వారమే ఒక లోపం పట్టాను. పాత బొమ్మలో సరస్సు ఒడ్డున చెట్టు మీద గూడకొంగ ఉండేది. కొత్త బొమ్మ గీసినవాళ్ళు, బాతుకాళ్ళున్న అంత పెద్ద పక్షి చెట్టెక్కుతుందా అనుకున్నారేమో, దాన్ని దింపి నీళ్ళలో కూర్చోబెట్టారు. నేను కొల్లేటి లంకలో పుట్టినవాణ్ణి. నా కళ్ళముందు గూడకొంగని చెట్టు దింపితే ఊరుకుంటానా? అవి చెట్ల మీదే గూళ్ళు కడతాయని, నమ్మకం లేకపోతే చలికాలంలో కొల్లేరు వచ్చి చూడమని, వస్తే భోజనం మా ఇంట్లోనేనని ఒక పేజీ రాశాను.

మా ఆఫీసులో మేరీ అని ఒకమ్మాయి పనిచేసేది. దెందులూరులో రైలెక్కేది. పనిలో నాకంటే చురుకు. ఆమె నా రిపోర్టు చదివి, నవ్వుకుని, ఉత్తినే ఆ ఖాళీ కొమ్మ మీద మౌసు నొక్కింది. తెర మీద 'పక్షి మీవైపు చూస్తోంది' అని వచ్చింది. నీళ్ళలో ఉన్న పక్షి మీద నొక్కితే 'ఇవి నీళ్ళు' అని వచ్చింది. పక్షి బొమ్మని దింపారు గానీ, నొక్కవలసిన చోటు చెట్టు మీదే మరిచిపోయారు! ఆ పక్షి ఈక దొరక్కపోతే ఆట ముందుకు సాగదు. పట్టుకున్నది మేరీ. రిపోర్టు మీద ఉన్నది నా పేరు. కంపెనీవాళ్ళు నన్ను తెగ పొగుడుతూ రాశారు. మేరీ వల్లే దొరికిందని నేను తిరిగి రాస్తే, ఆ వినయానికి ఇంకోసారి పొగిడారు.

నన్ను మునగచెట్టు ఎక్కించిన రోజుల్లోనే ప్రసాద్‌గారు ఒక సలహా ఇచ్చారు. "మీ రిపోర్టులు మరీ మెత్తగా ఉంటున్నాయండీ. ఆట మధ్యలో దానంతటదే మూతపడిపోతుంటే, 'తీరిక దొరికినప్పుడు చూడగలరని ప్రార్థన' అని రాస్తే ఎలాగండీ? వాళ్ళు నిజంగానే తీరిక దొరికినప్పుడు చూద్దామని పక్కన పెట్టేస్తున్నారు. కాస్త గట్టిగా రాయండి."

నిజమే. మా వైపు ఇల్లు అంటుకున్నా, "ఏవండీ, ఏమీ అనుకోకపోతే ఒక్కసారి బయటికొస్తారా" అంటాం. ఇంక నుంచి గట్టిగా రాయాలనుకున్నాను. పొగడ్త, ధైర్యం రెండూ ఒకేసారి దొరికితే మనిషి ఏమవుతాడో చెబుతాను.

అలాగేనండీ

దానికి ముందు ఇంకో సంగతి చెప్పాలి. మా ప్రాంతంలో మనిషి చెవుడుతో ఎంతకాలమైనా హాయిగా బతికేయొచ్చు. ఎదుటివాళ్ళు ఏమన్నా "అలాగేనండీ" అంటే చాలు. వాళ్ళు నవ్వితే "అంతేనండీ" అనాలి. ముఖం విచారంగా పెడితే "ఏం చేస్తామండీ" అనాలి. ఈ మూడు మాటలతో పెళ్ళిళ్ళు, పరామర్శలు, మీటింగులు అన్నీ గడిచిపోతాయి. ఏమన్నారూ అని రెండోసారి అడగడం అమర్యాద. అందుకని నేను అడిగేవాణ్ణి కాదు. నాకు చెవుడు వచ్చిందని నాకే తెలియదు. మనుషులు ఈమధ్య గొణుగుతున్నారనుకునేవాణ్ణి.

సూచనలు లేకపోలేదు. రైల్లో మేరీ ఏదో చెబుతుంటే అలాగేనమ్మా అన్నాను. తర్వాతి ఆదివారం దెందులూరులో వాళ్ళ చర్చి మహిళా సంఘం సభకి నేను ముఖ్య అతిథిని. దండ వేశాక గానీ నాకా సంగతి తెలియలేదు. లేచి, ఆడవాళ్ళ ఐకమత్యం గురించి ఏదో మాట్లాడి, పులిహోర తిని వచ్చాను.

ప్రసాద్‌గారి సంగతి ఇంకా విచిత్రం. అందరికీ కోపం వస్తే గొంతు పెరుగుతుంది. ఆయనకి తగ్గుతుంది. ఎంత కోపమో అంత నెమ్మది. ఆఫీసంతా ఆ నెమ్మదికి వణికేది. నాకు మాత్రం ఆయన పెదాలు కదలడం, ముఖంలో ఏదో ఆర్ద్రత కనిపించేవి. అలాగేనండీ, మీ అభిమానం అనేవాణ్ణి. అలా రెండేళ్ళపాటు ఆయన తిట్టిన తిట్లన్నీ ఆప్యాయత కింద జమ వేసుకున్నాను.

మోగని గంట

సరస్సు ఆటలో చివరికొచ్చేసరికి మందులాయన పడవెక్కుతాడు. పొగమంచు కమ్ముతుంది. తెర అంతా తెలుపు. దీవిలో గంటలు కొడతారు. చిన్న గంట మోగితే పడవని ఎడమకి తిప్పాలి, పెద్ద గంట మోగితే కుడికి. తప్పితే పడవ మళ్ళీ ఒడ్డుకి వచ్చేస్తుంది. సీడీ విడుదలలో ఈ ఘట్టం నేను చెవులతోనే దాటాను. కొత్త విడుదలకి గంటల చప్పుళ్ళు మళ్ళీ రికార్డు చేశారు.

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడాను. పెద్ద గంట గుడిగంటలా మోగింది. చిన్న గంట మోగలేదు. ఎన్నిసార్లు ఆడినా నా పడవ ఒడ్డుకే వచ్చింది. ఇంత పెద్ద లోపం ఇంకెవరూ పట్టలేదని ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎవర్నీ అడగలేదు. ప్రసాద్‌గారికి చూపించలేదు. గట్టిగా రాయమన్నారు కదా అని, జీవితంలో మొదటిసారి దయచేసి అన్న మాట లేకుండా రాశాను. "చిన్న గంట మోగదు. ఆట పూర్తిచేయడం అసాధ్యం. విడుదల ఆపండి."

ఆపారు! అక్కడ ఇంజనీర్లు వాళ్ళ పనులు మానుకుని గంట వెతికారు. ప్రతి కంప్యూటర్లోనూ మోగింది. మీ మనిషికి ఏమైంది అని ప్రసాద్‌గారికి రాశారు.

ఆయన నన్ను గదిలోకి పిలిచారు. మేరీ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. ఆయన పెదాలు కదిలాయి. ముఖంలో ఆర్ద్రత. గంట సంగతి మెచ్చుకుంటున్నారనుకుని, "అలాగేనండీ, మీ అభిమానం" అన్నాను.

మేరీ నా దగ్గరకొచ్చి, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"బాబాయిగారూ, మీకు వినపడటం లేదా అని అడిగారండీ సారు."

తర్వాత ఆమె నన్ను నా కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు ఒక చెవికి నాకూ ఒక చెవికి తనకీ పెట్టి, పొగమంచు ఘట్టం నడిపింది. చిన్న గంట మోగినప్పుడల్లా వేలెత్తుతానంది. తెల్లటి తెర. నిశ్శబ్దం. మేరీ వేలెత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది. నాకు ఏమీ లేదు. ఆమె ఆటపట్టిస్తోందేమోనని ముఖంలోకి చూశాను. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. నవ్వులాటకి చెప్పడం లేదు, నిజంగా భయం వేసింది. చప్పుడు వినపడనివాణ్ణి ఈ పనిలో ఎవరు ఉంచుకుంటారు? ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. నేను అందరికంటే ముందు దాటిన సరస్సు నేనింక దాటలేను అన్నది ఇంకో ఎత్తు.

సుగుణ చెప్పిన మాట

ఇంటికొచ్చి సుగుణకి చెప్పాను. ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"వినపడక వినలేదాండీ? వినబుద్ధి కాక వినడం లేదనుకున్నానండీ ఇన్నాళ్ళూ!" అంది. ఆ ముఖంలో జాలి ఎంత, ఊరట ఎంత అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావు అన్నాట్ట. గ్యాసు అయిపోయిందని ఎన్నిసార్లు చెప్పానండీ, ప్రతిసారీ అంతేలే అనేవారు."

కాసేపటికి ఆవిడే అడిగింది. "అయినా ఆ ఆట మనం ఆడినప్పుడు మనకి స్పీకర్లు ఎక్కడివండీ? గంట ఎలా వినపడింది మనకి?"

మా చాప మీది కంప్యూటర్‌కి స్పీకర్లు లేవు. కీచుమనే చిన్న బీప్ తప్ప ఏ చప్పుడూ వచ్చేది కాదు. అయినా మేము ఆ సరస్సు దాటాం.

"పొగమంచు మీద అక్షరాలు వచ్చేవి కదండీ," అంది సుగుణ. "దూరాన చిన్న గంట అని. నేను చదివేదాన్ని, మీరు తిప్పేవారు."

మొదటి విడుదల! అప్పట్లో చాలామంది కంప్యూటర్లకి చప్పుడు వచ్చే ఏర్పాటే లేదు, అందుకని అక్షరాల్లో రాశారు. సీడీ వచ్చినప్పుడు చప్పుడు పెట్టి అక్షరాలు తీసేశారు. కొత్తవాళ్ళు సీడీ చూసి కొత్తది చేశారు. నేను కూడా సీడీ చూసి అంతా సరిగ్గానే ఉందన్నాను, ఎందుకంటే మొదటి విడుదల చిత్తుప్రతి అని సిద్ధాంతం చెప్పిన మేధావిని నేనే. నా తవుడు తిరిగొచ్చి నా నెత్తినే పడింది.

ఎవరి పేరు పెడదాం

మర్నాడు తవుడు కథ ప్రసాద్‌గారికి చెప్పేశాను. ఆయన ఏమన్నారో వినపడలేదు కాబట్టి బాగా కోపం వచ్చి ఉంటుంది. మేరీ డ్రైవు విప్పి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, బూజు లేని ఫ్లాపీలు ఏరి నడిపింది. పాత తెర మీద పొగమంచు వచ్చింది. దాని మీద తెల్లగా, వంకరగా, అక్షరాలు తేలాయి. మేమిద్దరం చప్పట్లు కొట్టాం. నా చప్పట్లు మాత్రం నాకు వినపడ్డాయి.

ఇప్పుడు రిపోర్టు రాయాలి. ప్రసాద్‌గారు నాకు వినపడేలా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"బయట పెట్టుకుంటామాండీ ఇలాంటివి? చెవుడున్న మనిషి చేత చప్పుళ్ళు పరీక్ష చేయిస్తున్నామని తెలిస్తే, ఇంకో ఆట మన గుమ్మం తొక్కుతుందాండీ? చిన్న గంట కాస్త సన్నగా ఉంది, వీలుంటే అక్షరాలు కూడా పెట్టండి అని రాద్దాం. మీ పేరు తీసేసి మేరీ పేరు పెడదాం. మీ గౌరవం మీకుంటుంది, మన పని మనకుంటుంది."

ఆయన నా మంచికే చెప్పారు. మా వైపు లోపాన్ని చూసీ చూడనట్టు ఊరుకోవడమే ప్రేమ. నాకూ అలాగేనండీ అని నోటి చివరిదాకా వచ్చింది.

మేరీ అడ్డు చెప్పింది. "నాకు వినపడుతోంది కదండీ సారు. వినపడుతున్న గంటకి అక్షరాలు ఎందుకని అడిగితే నేనేం చెప్పనండీ? వీలుంటే అని రాస్తే వాళ్ళకి వీలుండదండీ."

ఆ మాటతో నాకు దారి లేకపోయింది. నా పేరు మీదే రాశాను. గట్టిగా కాదు, మెత్తగానూ కాదు. "చిన్న గంట మోగుతోంది. నాకు వినపడదు. నేను రాసిన రిపోర్టు తప్పు, క్షమించండి. ఈ ఆట మొదటి విడుదలలో పొగమంచు మీద అక్షరాలు వచ్చేవి. స్పీకర్లు లేని రోజుల్లో నేనూ నా భార్యా వాటిని చదువుకుని సరస్సు దాటాం. రెండో విడుదలలో అవి పోయాయి. మీ కొత్త విడుదలలో నేను దీవికి చేరలేను." పంపించి, టిఫిన్ బాక్సు సర్దుకున్నాను. అది నా ఆఖరి రోజు అవుతుందనే అనుకున్నాను.

జవాబు రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఆఫీసులో అందరూ నాతో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. మర్యాద తెలిసినవాళ్ళు కాబట్టి, గట్టిగా మాట్లాడుతున్నందుకు క్షమాపణ కూడా గట్టిగానే చెప్పేవారు.

జవాబు వచ్చినప్పుడు ప్రసాద్‌గారే నా బల్ల దగ్గరకొచ్చి చదివారు. పై అంతస్తంతా వినపడేలా చదివారు, కాబట్టి ఆయనకి కోపం లేదని అర్థమైంది. ఆ అక్షరాలు పాత ఫైళ్ళలో ఇంకా ఉన్నాయట. వెతికి తీసి మళ్ళీ పెడుతున్నారట. ఇలాంటివి ఇంకెక్కడెక్కడ పోయాయో వాళ్ళకి తెలియదట. చప్పుడు పూర్తిగా ఆపేసి, ఆట మొదటి నుంచి చివరిదాకా సత్యంగారు ఆడగలరా, ఎక్కడ ఆగిపోతే అక్కడ చెప్పగలరా అని అడిగారు.

రిటైరయ్యేదాకా నేను చేసిన పని అదే. తలుపు చాటున అడుగుల చప్పుడు, గోడ వెనక కుక్క మొరగడం, దీవిలో పసివాడి దగ్గు, చెవులున్నవాళ్ళ కోసం మాత్రమే దాచిపెట్టిన ఇలాంటివన్నీ పట్టాను. నా సర్వీసు మొత్తంలో నిజంగా పనికొచ్చిన పని అదొక్కటే. దానికి కావలసిన అర్హత నాకు పుష్కలంగా ఉంది.

కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ఒక ఆటని ముందు చప్పుడు లేకుండా ఆడండి. ఎన్ని విడుదలలుంటే అన్నీ చూడండి, మొదటిదాన్ని అసలు వదలకండి. బీదరికంలో చేసిన ఆటలో అందరికీ చోటు ఉంటుంది, సౌకర్యాలు పెరిగినకొద్దీ ఎవరో ఒకర్ని ఒడ్డున వదిలేస్తారు. వినపడకపోతే ఇంకోసారి చెప్పమని అడగండి. ఫ్లాపీలు బియ్యంలో పెట్టకండి.

అక్షరాలు

ఏలూరులో చెవుల డాక్టరు గారు చిన్న యంత్రం పెట్టారు. అది పెట్టుకుని మొదటిసారి రైలెక్కినప్పుడు, దెందులూరులో ఎక్కిన మేరీ రోజూలాగే నన్ను పలకరించింది. "బాబాయిగారూ, కిటికీ పక్కన నేను కూర్చుంటానండీ" అంది. ఇన్నాళ్ళూ రోజూ అదే అడుగుతోందట. నేను రోజూ అలాగేనమ్మా అని కదలకుండా కూర్చునేవాణ్ణట. భీమడోలు దాటేదాకా ఆమె నవ్వుతూనే ఉంది. ఆ రోజు నుంచి కిటికీ ఆమెది.

సరస్సు ఆట విడుదలయ్యాక ఒకటి కొని ఇంట్లో పెట్టాను. అప్పటికి నేను రిటైరయ్యాను. ఒక ఆదివారం మధ్యాహ్నం సుగుణని పిలిచాను. ఇప్పుడు చాప మీద కూర్చుంటే లేవలేం కాబట్టి రెండు కుర్చీలు వేశాను. పొగమంచు ఘట్టం రాగానే, నా యంత్రం గొప్ప చూపిద్దామని చెవి ముందుకు పెట్టాను. చిన్న గంట వినపడింది. గిన్నెకి గరిటె తగిలినంత చప్పుడు. ఈ మాత్రం దానికా నేను ఒక దేశం పనంతా ఆపించింది అని సిగ్గేసింది.

సుగుణ నన్ను చూడటం లేదు. కళ్ళద్దాలు సవరించుకుని తెర వైపు వంగింది. తెల్లటి పొగమంచు మీద అక్షరాలు తేలాయి, పాతవాటిలాగే కాస్త వంకరగా. ఆవిడ పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో పైకి చదివింది.

"దూరాన చిన్న గంట. ఎడమకి తిప్పండి."

ఆ గొంతు అంత స్పష్టంగా విని ఎన్నేళ్ళయిందో నాకు తెలియదు. ఆవిడ చాప మీద కూర్చుని చదివిన రోజుల తర్వాత ఆవిడ నాతో ఎన్ని చెప్పిందో, అందులో నేను ఎన్ని విన్నానో అదీ తెలియదు.

"ఏవండీ, ఎడమకండీ," అంది మళ్ళీ, నాకు వినపడలేదేమోనని.

"అలాగే," అన్నాను. నేను విని చెప్పిన మొదటి అలాగే అదేనేమో. పడవని ఎడమకి తిప్పాను.